బంచరాయిని బతికించుకునే పద్ధతి: ఐదెకరాల్లో కూరలు, పండ్లు, పిట్టలు

ఊరవతలి బంచరాయిని, అంటే ఊరుమ్మడి మేత భూమిని, చూసి ‘ఖాళీగా పడుంది’ అనుకోవడంతోనే సగం పని చెడుతుంది. అది ఖాళీ కాదు. బతుకమ్మకు తంగేడు, గునుగు అక్కడి నుంచే వస్తాయి. గొల్లకుర్మల మందలు అక్కడే మేస్తాయి. రేగు పొదల కింద కౌజు పిట్టలు గుడ్లు పెడతాయి. పుట్టల్లో ఉడుములుంటాయి, పొయ్యిలోకి పుల్లలూ అక్కడివే. జేసీబీ పెట్టి చదును చేసి, వరసల్లో మొక్కలు నాటి, చుట్టూ ముళ్ల తీగ లాగితే ఫొటో బాగానే వస్తుంది. రెండో ఎండాకాలానికి మొక్కలు ఎండుతాయి, మేకలు తోలుకునేవాళ్లు తీగ తెంపుతారు, ఊళ్లో తగాదా మిగులుతుంది. అందుకే ఉన్నదాన్ని ముందు లెక్కగట్టాలి, నీళ్లకు సరిపడా మాత్రమే నాటాలి, మేకకూ పిట్టకూ కూడా వాటా రాసిపెట్టాలి.

కింది లెక్కలన్నీ ఐదెకరాల చెల్క (ఎర్ర ఇసుక) నేలకు. వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు ఏడాదికి సుమారు 900 నుంచి 1100 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. రేగడి నేలైతే ఎక్కడ మార్చుకోవాలో ఆయా చోట్ల చెప్పాం.

కాగితం పని

ముందు సర్వే నంబరు పట్టుకోండి. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి పోర్టల్‌లో ఆ నంబరు ఏ పద్దు కింద ఉందో చూడండి. అంతటితో ఆగొద్దు. తహసీల్ ఆఫీసులో పాత పహాణీ (ఏటా రాసే సాగు లెక్క), సేత్వార్ (మొదటి సర్వే నాటి రిజిస్టరు), గ్రామ నక్ష తీయించి మూడింటినీ పోల్చాలి. కంప్యూటర్‌లో సర్కారు భూమి అని ఉండి, పాత పహాణీలో ఎవరో ఒకరికి అసైన్ చేసినట్టు, అంటే సర్కారు పంచి ఇచ్చినట్టు, రాసి ఉండటం మామూలే. అసైన్డ్ భూమి ఆ కుటుంబానిది, దాని జోలికి పోవద్దు.

శిఖం భూమి అయితే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు లోపల చెట్లు, గట్లు, షెడ్లు ఏవీ పనికిరావు. నీళ్లు వెనక్కి తగ్గాక ఆ తేమ మీద దోస, బొబ్బర్లు, ఆకుకూరలు వేసుకోవచ్చు, అంతే. చెరువు కట్ట మీద పెద్ద చెట్లు పెట్టడమూ మంచిది కాదు. చెట్టు చచ్చాక కుళ్లిన వేరు వెంట నీళ్లు దారి చేసుకుంటాయి. అటవీ భూమి అయితే నాగలి పెట్టొద్దు. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కు కోసం గ్రామసభ ద్వారా ఫారం-సి పెట్టడమే దారి. ములుగు, ఏటూరునాగారం వైపు ఏజెన్సీ ఊళ్లలో గిరిజన ప్రాంతాల గ్రామసభకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం ఉంది కాబట్టి గ్రామసభ మాటకు ఇంకా బలం ఎక్కువ.

బంచరాయే అని తేలాక మండల సర్వేయర్‌తో కొలిపించి హద్దు రాళ్లు పాతించండి. రాళ్లకు సున్నం కొట్టి, చుట్టుపక్కల పట్టాదారులందరితో పంచనామా మీద సంతకాలు పెట్టించాలి. ఈ పనికి బద్ధకిస్తే ఏటా దున్నకం కాలంలో నాలుగు సాళ్ల చొప్పున బంచరాయి పక్క చేనులో కలుస్తూ పోతుంది. ఇప్పటికే ఎవరైనా కలుపుకుని ఉంటే, ఊరుమ్మడి భూముల ఆక్రమణలను క్రమబద్ధం చేయకూడదని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కాపీ జతచేసి తహసీల్దారుకు దరఖాస్తు ఇవ్వండి. ఊళ్లో కొట్లాడితే ఆ భూమిలో నాటిన మొక్కే ముందు పోతుంది.

గ్రామసభ తీర్మానంలో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు, ఎన్నేళ్లకు, ఎవరు చూసుకుంటారు, పంట ఎవరికి, మేత ఎవరికి అన్నీ రాయాలి. ఈ తీర్మానంతో భూమి మీద హక్కు ఏమీ రాదు, వాడకానికి మాత్రమే ఒప్పుకున్నట్టు. ఆ మాట కూడా అందులోనే రాయడం మంచిది. లేకపోతే అయిదేళ్లకు ఎవరో ఒకరు ‘నా మడి’ అని పట్టా అడుగుతారు.

కమిటీలో 11 మంది చాలు. సగం కంటే ఎక్కువ ఆడవాళ్లు ఉండాలి, ఎందుకంటే కూర కోసేది, వండేది, నీళ్లు పెట్టేది వాళ్లే. మేకలు, గొర్లు ఉన్నవాళ్లు ఇద్దరు, భూమి లేని కుటుంబాల నుంచి కనీసం ఇద్దరు, నీరటికాడు, వార్డు మెంబరు ఒకరు. గీసుకొండ మండలం గంగదేవిపల్లి ఒక్కో పనికి ఒక్కో కమిటీ పెట్టుకుని పేరు తెచ్చుకున్న ఊరు. ఈ పనికీ పంచాయతీ మీదే భారం వేయకుండా వేరే కమిటీ ఉంటేనే నడుస్తుంది.

నాటకముందు ఒక నెల చూడటం

జనవరి, ఫిబ్రవరిలో నక్ష చేతిలో పట్టుకుని భూమంతా నడవండి. పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి. ఉన్న చెట్లు, పుట్టలు, పక్షిగూళ్లు, మందలు నడిచే బాట, వాననీళ్లు కోసిన ఒర్రెలు, సర్కారు తుమ్మ గుంపులు అన్నీ నక్ష మీద గుర్తు పెట్టాలి. ముసలివాళ్లను, మేకల కాపరులను వెంట తీసుకుపోతే మొర్రి ఎక్కడుంది, తునికి ఎక్కడుంది, ఏ రాయి కింద చెలమ ఉండేది అన్నీ చెబుతారు. ఆ జాబితాను 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీ పెట్టాల్సిన జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఎక్కించండి. చాలా ఊళ్లలో ఆ పుస్తకం ఎవరూ తెరవని బీరువాలోనే ఉంటుంది.

మట్టి పరీక్షకు ఎకరానికి 8 నుంచి 10 చోట్ల ‘వి’ ఆకారంలో అర అడుగు లోతు గుంట తీసి, పక్క నుంచి పలుచగా మట్టి గీరాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ పోతే చివరికి అరకిలో మిగులుతుంది. అది నీడలో ఆరబెట్టి పంపాలి. పెంటకుప్ప దగ్గర, చెట్టు కింద, గట్టు మీద మట్టి తీయొద్దు. వరంగల్ జిల్లాలో మామునూరు, మహబూబాబాద్‌లో మల్యాల, కరీంనగర్‌లో జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే దారి చెబుతారు. నేల మీద తెల్లగా పొర కట్టి, తడిస్తే జారుగా, ఎండితే రాయిలా ఉంటే అది చౌడు. పరీక్షలో చెప్పినంత జిప్సం వేసి, నీళ్లు నిలిపి కడగకుండా అందులో కూరగాయలు రావు.

ఐదెకరాల పంపకం

ఐదెకరాలంటే 200 గుంటలు. ఇలా పంచితే బాగా నడుస్తుంది: పల్లంలో, బోరుకు దగ్గరగా 40 గుంటలు కూరగాయలకు. దాని పైన 60 గుంటలు పండ్ల చెట్లకు. 80 గుంటలు ఉన్నది ఉన్నట్టు పొదలకు, మేతకు, జంతువులకు. మిగిలిన 20 గుంటలు నీటికుంట, బాట, నారుమడి, ఎరువు గుంతలకు. పొదలకు 80 గుంటలా అని గ్రామసభలో తప్పకుండా అడుగుతారు. గూడు కట్టే చోటు లేకపోతే పురుగులు తినే పిట్ట కూరగాయల దగ్గరికి రాదు, మేత లేకపోతే మేక కంచె దూకుతుంది. ఈ రెండు నష్టాల ముందు 80 గుంటలు చిన్న ఖర్చు.

పొదల భాగంలో చేసే పని తక్కువ. సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ తగ్గించడమే ముఖ్యం. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే పది కొమ్మలై లేస్తుంది. వానలకు నేల మెత్తబడ్డ ఆగస్టు, సెప్టెంబరులో మొదలు చుట్టూ తవ్వి, నేలకు అడుగు కిందికి వేరుగడ్డతో సహా పెకలించాలి. అయితే మొత్తం ఒకేసారి తీయొద్దు. ఏటా మూడో వంతు తీస్తూ, తీసిన చోట రేగు, సీతాఫలం, తంగేడు గింజ చల్లాలి. నరికిన కంప పారేయకండి, దానితో పని ఉంది. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేరుతో పీకాలి. పూత వచ్చాక పీకితే గింజ రాల్చి మళ్లీ విత్తినట్టే, పైగా దురద, దగ్గు. ఖాళీ పడ్డ చోట తగిరిస గింజ చల్లితే వయ్యారిభామ చాలావరకు అణుగుతుంది. గునుగునూ తంగేడునూ మాత్రం కలుపు కింద లెక్కగట్టొద్దు. కలుపు మందు కొట్టిన చెల్కల్లో గునుగు దొరకక బతుకమ్మకు బజారులో కొనుక్కునే ఊళ్లు పెరుగుతున్నాయి. తంగేడు కోసేటప్పుడు కొమ్మ చివరలు తుంచాలి, మొదలు విరవొద్దు.

వాననీళ్లు ఆపడం

ఒక ఎకరం మీద 30 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 1,20,000 లీటర్లు. చెల్క నేల పై పొర గట్టిపడి ఉంటుంది కాబట్టి అందులో మూడో వంతు, అంటే 40,000 లీటర్లు పారిపోతుందని లెక్క వేసుకోవాలి. 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకంలో 850 లీటర్లు పడతాయి. ఎకరానికి 50 కందకాలు తీస్తే పారే నీళ్లన్నీ ఆగుతాయి. వరసకు పది, కందకానికీ కందకానికీ మధ్య 10 అడుగులు, వరసకూ వరసకూ 40 అడుగులు. పై వరసలోని సందుకు ఎదురుగా కింది వరసలో కందకం రావాలి.

కందకం వాలుకు అడ్డంగా, సమమట్టంగా ఉండాలి. అంచనాతో తీస్తే నీళ్లన్నీ ఒక మూలకు చేరి అక్కడే గండి పడుతుంది. ఏడడుగుల వెదురు బొంగులు రెండు పైన కట్టి, కింద ఆరడుగులు ఎడం చేసి, మధ్యలో అడ్డబొంగు కట్టండి. పైనుంచి దారానికి రాయి వేలాడదీయండి. రెండు కాళ్లు నేల మీద పెట్టి దారం అడ్డబొంగును తాకిన చోట గీత గీయాలి, కాళ్లను అటూ ఇటూ మార్చి పెట్టి మళ్లీ గీయాలి. రెండు గీతల నడిమధ్య గుర్తే మట్టం. ఆ గుర్తు మీద దారం నిలిచేలా ఒక్కో కాలు తిప్పుతూ నడిచి, కాలు పెట్టిన చోటల్లా సున్నం చల్లుతూ పోతే గీత తయారవుతుంది. గాలి వీచే మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే చేయాలి.

తీసిన మట్టిని కందకానికి అడుగు ఎడంగా, పల్లం వైపు గట్టు పోయాలి. అంచునే పోస్తే మొదటి వానకే లోపలికి జారుతుంది. గట్టు మీద కంది చల్లితే మొదటి ఏడే పప్పు వస్తుంది, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. రేగడిలో లోతు అడుగుకు తగ్గించి, చివర నీళ్లు బయటికి పోయేలా వదలాలి, లేకపోతే నిలిచిన నీళ్లకు వేళ్లు కుళ్లుతాయి. ఉపాధి హామీ పనుల్లో పెట్టించగలిగితే మార్చి, ఏప్రిల్‌లో కందకాలన్నీ పూర్తవుతాయి.

నీటికుంట 33 అడుగుల చదరం, 8 అడుగుల లోతు, పక్కలు ఏటవాలుగా తీస్తే సుమారు 1,45,000 లీటర్లు పడుతుంది. చెల్కలో ఆ నీళ్లు డిసెంబరు దాకా కూడా నిలవకపోవచ్చు. ఇంకిన నీళ్లు బోరుకే చేరతాయి కాబట్టి అది నష్టం కాదు. ఒక వైపు గట్టు మాత్రం ఈ కొలతకు బయటికి సాగేలా, బాగా పలుచటి వాలుతో, అడుగు దిగితే నాలుగు అడుగులు నడిచేలా ఉండాలి. నిట్టనిలువు గట్లున్న కుంటలో కుందేలు, మేకపిల్ల, ముంగిస దిగితే ఎక్కలేవు. పాత వ్యవసాయ బావి ఏదైనా ఉంటే చుట్టూ మూడడుగుల గోడ కట్టకుండా పని మొదలుపెట్టొద్దు.

కంచె

ఐదెకరాల చుట్టుకొలత సుమారు 1870 అడుగులు. ముళ్ల తీగ కంటే పచ్చి కంచె చవక, పైగా పిట్టలకు గూడు. కాకపోతే మేక దూరకుండా కావడానికి మూడేళ్లు పడుతుంది. రెండు వరసలు, వరసల మధ్య 2 అడుగులు, ఒక్కో వరసలో 2 అడుగులకో మొక్క, జిగ్‌జాగ్‌గా. దాదాపు 1870 మొక్కలు, పోయేవాటికి కలిపి 2250 పెంచుకోవాలి. బయటి వరసకు గచ్చకాయ, కిత్తనార. లోపలికి వాక్కాయ, గోరింట. గచ్చకాయ గింజ రాయిలా ఉంటుంది. ఒక పక్క గరుకు బండ మీద రుద్ది, లోపలి తెల్ల పొర కనిపించాక ఒక రాత్రి, ఒక పగలు నీళ్లలో నానబెట్టాలి. రుద్దకుండా విత్తితే ఏడాదికి ఒకటీ అరా మొలుస్తుంది. మిరుగు వానలకు విత్తనం పడాలి.

ఈ మూడేళ్లూ బయట సర్కారు తుమ్మ కంప అడ్డం పెట్టాలి. మందలు నడిచే పాత బాటను మాత్రం మూయొద్దు. 12 అడుగుల బాట వదిలి, దానికి రెండు పక్కలా కంచె వేయాలి. బాట మూసిన చోటే కంచె తెగుతుంది.

ఎన్ని చెట్లు? ట్యాంకర్ ఎన్నింటికి పోస్తే అన్ని

చెట్టు బతికేది నాటిన రోజు కాదు, రెండో ఏడు ఏప్రిల్‌లో. ఫిబ్రవరి నుంచి మొదటి వాన దాకా ఒక్కో మొక్కకు వారానికి 20 లీటర్లు కావాలి. పంచాయతీ ట్రాక్టరు ట్యాంకర్ 5000 లీటర్లది అయితే ఒక తిరుగుడుకు 200 మొక్కలకు పోసి కొంచెం మిగులుతుంది. వారానికి ఒక్క ట్యాంకరే గ్యారంటీ అంటే 200 మొక్కలే నాటాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటినవాటిలో 85 శాతం బతకాలంటుంది. వెయ్యి నాటి మూడొందలు దక్కించుకోవడం కంటే రెండొందలు నాటి అన్నీ నిలబెట్టడం మేలు.

పండ్ల భాగంలో 33 అడుగులకొకటి చొప్పున చింత, నేరేడు, ఇప్ప, వెలగ 60. ప్రతి నాలుగింటి నడుమ ఒక సీతాఫలం లేదా ఉసిరి, మరో 60. పొదల భాగంలో అక్కడక్కడా మర్రి, మేడి, జువ్వి, మొర్రి, తునికి, మారేడు 40. కూరగాయల బాట వెంట మునగ, అవిస, కరివేపాకు 40. మర్రి, జువ్వికి నర్సరీ మొక్క అక్కర్లేదు. జూలైలో చేయి లావు, ఆరేడు అడుగుల కొమ్మ నరికి, రెండడుగులు లోతు పాతి, పై కోతకు పేడ అలికితే చిగురు నేలకు ఎత్తులో వస్తుంది. మేడి, జువ్వి ఎండాకాలంలో కాస్తాయి, వేరే పండు లేని రోజుల్లో గబ్బిలాలకూ పిట్టలకూ అదే తిండి. కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

గుంతలు ఏప్రిల్, మేలో తీసి ఎండకు వదలాలి. అడుగున్నర చదరం, అంతే లోతు. మొరం తగిలితే రెండడుగులు. పై మట్టి ఒక పక్క, లోపలి మట్టి ఒక పక్క పోసి, నింపేటప్పుడు పై మట్టిలో 10 కిలోల మాగిన పెంట, పావుకిలో వేప పిండి కలిపి ముందు వేయాలి. పచ్చి పేడ వేస్తే చెదలు ఖాయం. నాటేది రెండు మంచి వానలు పడ్డాక, జూలైలో. సంచి పూర్తిగా చింపి తీయాలి. అడుగున వేళ్లు చుట్టుకుని ఉంటే అంగుళం మేర కోసేయాలి, లేకపోతే మూడేళ్లకు గాలికి ఒరిగిపోతుంది. ఏడాది వయసు, మూడడుగుల ఎత్తు ఉన్నవే తీసుకోండి.

సొంతంగా గింజ పెట్టాలంటే వేప, ఇప్ప, నేరేడు గింజలు దాస్తే మొలవవు. రాలిన రెండు వారాల్లోపు విత్తాలి. చింతగింజ దాచవచ్చు, ఒక రోజు నానబెట్టి వేయాలి.

మొక్క చుట్టూ ఆకు, గడ్డి కప్పేటప్పుడు మొదలుకు నాలుగు వేళ్ల ఎడం వదలండి. వరిగడ్డి మొదలుకు ఆనిస్తే చెల్కల్లో చెదలు కాండం దాకా ఎక్కుతాయి. వేప, కానుగ ఆకు కలిపితే కొంత ఆగుతాయి. ట్యాంకర్ ఆలస్యమయ్యే ఊళ్లో మొక్క పక్కన 10 లీటర్ల కుండ మెడ దాకా పాతి, మూత పెట్టి నింపితే మెల్లగా ఊరుతుంది. అడుగున చిల్లికి నూలు వత్తి పెడితే ఇంకా నయం.

కూరగాయల మడులు

40 గుంటల్లో 20 కుటుంబాలకు తలా ఒక గుంట, 121 గజాలు. మిగతా 20లో కంది, పెసర, సజ్జ ఉమ్మడిగా, కొంత విత్తనానికి. మడి ఇచ్చేటప్పుడు భూమి లేనివాళ్లకు మొదటి వంతు. చిట్టీ వేసి మడి నంబరు ఇవ్వాలి. నీటి తూము దగ్గరి మడి ఎవరికన్న గొడవ అప్పుడు ఉండదు.

నీళ్ల లెక్క ముందు చేయండి. చలికాలంలో గుంటకు రోజుకు 400 నుంచి 500 లీటర్లు కావాలి, 20 మడులకు 10,000. బోరు ఎంత పోస్తుందో తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూడాలి. రెండు నిమిషాల్లో నిండితే గంటకు 6000 లీటర్లు, అంటే రెండు గంటల్లోపు పని అయిపోతుంది. అయిదు నిమిషాలు పడితే గంటకు 2400, నాలుగు గంటలకు పైనే నడపాలి. ఈ పరీక్ష ఏప్రిల్‌లో చేయాలి. సెప్టెంబరులో ఏ బోరైనా బాగానే పోస్తుంది. ఏప్రిల్‌లో నీళ్లు సగానికి పడితే ఎండాకాలం సగం మడులే వేయండి, ఏ సగమో ఏటా మార్చండి.

గుంటను 33 అడుగుల చదరంగా తీసుకుంటే మూడడుగుల చిన్న మడి, అడుగు కాలిబాట చొప్పున ఒక్కో కుటుంబానికి ఎనిమిది చిన్న మడులు వస్తాయి. వానాకాలం మడి అర అడుగు ఎత్తుగా, ఎండాకాలం అర అడుగు పల్లంగా ఉండాలి. ఏడాది పొడవునా ఎత్తు మడులే ఉంచితే ఏప్రిల్‌లో పోసిన నీళ్లన్నీ బాటల్లోకి పోతాయి.

ఎరువుకు అన్నిటికంటే చవకైనది మంద. ఏప్రిల్, మేలో వంద గొర్ల మంద ఒక రాత్రి దాదాపు ఒక గుంటలో పండుకుంటుంది. ఒక్కో చోట రెండు రాత్రులు ఆపి, తెల్లారే పైపైన దున్ని కలిపేయాలి. ఎండకు వదిలితే సారమంతా గాలికి పోతుంది. కాపరికి డబ్బో, గింజలో ముందే మాట్లాడుకోండి. కంచె మీద కోపం కూడా దీనితోనే తగ్గుతుంది. చెల్కకు చెరువు మన్ను ఎకరానికి 40 ట్రాక్టర్ల దాకా తోలుకోవచ్చు, తేమ పట్టే గుణం పెరుగుతుంది. రేగడికి మాత్రం తోలితే డీజిల్ దండగ.

జీవామృతం 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడలో రెండు మూడు రోజులు, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పి, వారంలోపు వాడేయాలి. ఎకరానికి ఒక డ్రమ్ము. పొడి నేల మీద పోస్తే ఫలితం లేదు, తడి ఉన్నప్పుడే పోయాలి.

వానాకాలం బీర, ఆనపకాయ, కాకర, బెండ, గోకరకాయ, పుంటికూర. చలికాలం టమాట, వంకాయ, చిక్కుడు, పాలకూర, మెంతి, కొత్తిమీర. ఎండాకాలం తోటకూర, గంగవాయిలి, దోస. గుంటకు విత్తనం బెండ 125 గ్రాములు, మెంతి పావుకిలో, తోటకూర 40 గ్రాములు చాలు. తోటకూర గింజ సన్నం కాబట్టి పదింతల ఇసుకతో కలిపి చల్లాలి. మిరపలో వరంగల్ చపాటా ఒక మడికి పెట్టుకోవచ్చు. తొక్కుకు రంగు బాగా వస్తుంది, కారం తక్కువ, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విత్తనం సొంతంగా దాచాలంటే ఆనపకాయ, బీర ఒక్కో రకమే వేయాలి. పక్కపక్కన రెండు రకాలుంటే తేనెటీగలు కలిపేస్తాయి. చిక్కుడు, బొబ్బర్లకు ఆ బెంగ తక్కువ.

పురుగుకు 5 శాతం వేపగింజల కషాయం. జూన్, జూలైలో ఏరి నీడలో ఆరబెట్టిన గింజల పప్పు 5 కిలోలు దంచి, గుడ్డలో మూటకట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బు కలిపి, మొత్తం 100 లీటర్లు చేసి సాయంత్రం కొట్టాలి. ఎండలో కొడితే గుణం పోతుంది. పూత మీద తేనెటీగలు తిరిగే పొద్దున పూట ఏదీ కొట్టొద్దు, వేపదైనా సరే. జనగామ జిల్లా ఏనెబావి 2006లోనే రసాయనాలు లేని ఊరిగా ప్రకటించుకుంది. కమిటీని ఒకసారి అక్కడికి తీసుకుపోతే సగం అనుమానాలు తీరుతాయి.

జంతువులు, పిట్టలు

కూరగాయల్లో ఎకరానికి 10 నుంచి 15 చోట్ల ఆరడుగుల కర్రకు అడ్డపుల్ల కట్టి పాతండి. పాలపిట్ట, గోరింక, పసులపోలిగాడు వాలి పురుగులు ఏరుకుంటాయి. రాత్రి గుడ్లగూబ వాలి ఎలుకలు పడుతుంది. సజ్జ కంకి పాలు పోసుకునేటప్పుడు మాత్రం ఆ కర్రలు తీసేయాలి, లేకపోతే గింజలు తినే పిట్టలకు కుర్చీ వేసినట్టే. ఎండిన చెట్టు మోడు ఒకటి రెండు కొట్టకుండా వదలండి. తుమ్మెదలు, చిలుకలు తొర్రలు చేసుకుంటాయి.

నీటి తొట్టి కూరగాయలకు వీలైనంత దూరంగా, పొదల భాగంలో ఉండాలి. ఆరడుగుల గుండ్రం, నడుమ అడుగు లోతు, అంచుకు వచ్చేసరికి పళ్లెంలా పలుచబడాలి. మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండుసార్లు నింపి, ఒకసారి కడగాలి. కడగకుండా పాచి నీళ్లే ఉంచితే రోగాలు పంచినట్టు.

కోతులకు పూర్తి మందు లేదు. హరితహారం మొదలైనప్పుడు ‘కోతులు వాపస్ పోవాలె, వానలు వాపస్ రావాలె’ అన్నారు గానీ, ఊళ్లో మనం వేసే అరటిపండు ఉన్నంత కాలం అవి అడవికి పోవు. బాట పక్కన తిండి వేయడం ఆపాలని తీర్మానంలోనే రాయండి. బయటి మడుల్లో పసుపు, మిర్చి, కాకర లాంటి తక్కువ ముట్టేవి, లోపల టమాట, బెండ. మక్క, పల్లి, బొప్పాయి వేయకపోవడమే మంచిది. అడవి పందికి వానాకాలం చుట్టూ ఆముదం, యాసంగిలో నాలుగు సాళ్లు ముళ్ల కుసుమ దగ్గరదగ్గరగా వేస్తే చాలావరకు లోపలికి రాదు. కరెంటు తీగ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, రాత్రి నీళ్లు పెట్టడానికి వచ్చే మనిషే ముందు పోతాడు. పంట పోతే ఫొటోలు తీసి, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు వెంటనే పరిహారం దరఖాస్తు ఇవ్వాలి.

పొదలుంటే పాములుంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర ఈ నాలుగూ ముఖ్యంగా మనకు ప్రాణాంతకం. జెర్రిపోతు ఎలుకలను తింటుంది, చంపొద్దు. మడుల మధ్య బాటల్లో గడ్డి మోకాలు దాటనీయొద్దు, రాత్రి నీళ్లకు పోతే బూట్లు, టార్చి తప్పనిసరి. కరిస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం ఏమీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆ నంబరు, దగ్గర్లో పాము మందు ఉండే ఆసుపత్రి పేరు మోటార్ స్టార్టర్ పెట్టె మీద రంగుతో రాసి ఉంచండి.

పుస్తకం, పైసలు

పొదల భాగం జూన్ 15 నుంచి అక్టోబరు ఆఖరు దాకా మూత, నవంబరు నుంచి జూన్ 14 దాకా పగటిపూట మేతకు తెరవాలి. ఎన్ని జీవాలో ఏటా కాపరులతో కూర్చుని తేల్చాలి. గడ్డి కోతకు మాత్రం ఏడాదంతా ఒప్పుకోవచ్చు. మడికి నెలకు 50 రూపాయలు తీసుకుంటే 20 మడుల మీద ఏడాదికి 12,000 వస్తాయి. మోటార్ రిపేరు, పైపు, సగం కాలం కాపలాకు అది సరిపోదు. చింతపండు, సీతాఫలం ఉమ్మడిగా అమ్మిన డబ్బు కలిసేదాకా, అంటే సీతాఫలానికి మూడు నాలుగేళ్లు, చింతకు ఎనిమిది పదేళ్లు, గ్రామైక్య సంఘం నుంచో పంచాయతీ నుంచో లోటు పూడ్చే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

వరసగా రెండు నెలలు మడి బీడుపెడితే ఒక్కసారి చెప్పి చూసి, తర్వాత వరసలో ఉన్నవాళ్లకు ఇవ్వాలి. కాన్పు, జబ్బు, చావు ఉన్న ఇంటికి ఇది వర్తించదు. ఆ మడికి పక్క మడులవాళ్లు నీళ్లు పెడతారు, పంటలో సగం వాళ్లది. ఇదంతా తీర్మానాల పుస్తకంలో రాసి, రెండు నెలలకోసారి జరిగే గ్రామసభలో జమాఖర్చుతో పాటు చదివి వినిపించాలి. ఏటా జూన్ మొదటి వారంలో కమిటీ అంతా కలిసి చెట్లు లెక్కపెట్టి, బతికినవి, పోయినవి, ఎందుకు పోయాయో (నీళ్లు, చెదలు, మేక, వేరు) నాలుగు గళ్లలో రాయండి. ఆ జూలైలో ఏం నాటాలి, ఎన్ని నాటాలి అన్నది ఆ నాలుగు గళ్లు చూసే తేల్చాలి.